తుపాకి బరువు, సమతూకము

సైనికుడు తుపాకిని పేల్చు కాలము స్వల్పము. మోయు కాలము అధికము. పగలెల్ల నడచునపుడు అది భుజముపై నుండును. రాత్రి కావలి కాయునపుడు చేతిలో నుండును. నిద్రించునపుడు ప్రక్కనే యుండును. నెలల తరబడి మోసిన ఆ వస్తువు కొన్ని నిమిషములు మాత్రమే తన పని చేయును. కాని ఆ కొన్ని నిమిషములలో మోసినవాని ప్రాణము దానినే నమ్ముకొని యుండును.

కనుక తుపాకిని నిర్మించు శిల్పికి ఇద్దరు యజమానులు కలరు. ఒకడు నడచు సైనికుడు. మరియొకడు పేల్చు సైనికుడు. ఇద్దరును ఒక్క మనిషియే అయినను వారి కోరికలు ఒక్కటి కావు. నడచువాడు తేలికైన తుపాకిని కోరును. పేల్చువాడు చేతిలో కదలక నిలుచు తుపాకిని కోరును. గడచిన నూరేండ్ల రైఫిలు చరిత్రలో అధికభాగము ఈ ఇద్దరి తగవును తీర్చుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

సైనికుని బరువును గూర్చిన చింత తుపాకితో పుట్టినది కాదు. క్రీస్తునకు పూర్వము రోమను సేనాని మారియస్ తన సైనికుల సామానంతయు వారి వీపులపైననే మోయించినందున జనులు వారిని మారియస్ కంచరగాడిదలని పరిహసించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1950లో, అమెరికను సైనిక రచయిత ఎస్. ఎల్. ఎ. మార్షల్ ఈ విషయమునకే ఒక గ్రంథమును కేటాయించి, మితిమీరిన బరువు సైనికుని కాళ్లనే గాక ధైర్యమును కూడ హరించునని వాదించెను. ఆ బరువులో రైఫిలు ఒక భాగము. తక్కినవానిని అవసరమైనచో పారవేయవచ్చును, రైఫిలును పారవేయరాదు.

మనము చెప్పుకొనబోవునది ముఖ్యముగా అర్ధ స్వయంచాలక రైఫిలును గూర్చి. పాత రైఫిలులో ఒక తూటా పేలిన తరువాత తలుపు గడియ వంటి బోల్టును చేతితో వెనుకకు లాగి ముందుకు నెట్టినగాని రెండవ తూటా గొట్టములోనికి ఎక్కదు. అర్ధ స్వయంచాలక రైఫిలులో ఆ పనిని తుపాకియే చేసికొనును. తుపాకిమందు మండగా పుట్టిన వాయువులో కొంత ప్రక్కకు మళ్లి బోల్టును త్రోసి, వట్టి తూటాను వెడలగొట్టి, క్రొత్తదానిని ఎక్కించును. మీట నొక్కిన ప్రతిసారియు ఒక్క గుండు మాత్రమే వెడలును. సౌకర్యము గొప్పదే. కాని వాయువును పట్టు సిలిండరు, దానిచే కదలు కడ్డీ, కడ్డీని తిరిగి త్రోయు స్ప్రింగు, ఇవి యన్నియు క్రొత్త బరువులు. పాత రైఫిలే నాలుగు కిలోలు తూగుచుండగా ఈ యంత్రమును దానిలో ఎట్లు ఇముడ్చవలెనన్నదే శిల్పుల ముందున్న ప్రశ్న.

కథలోనికి పోవుటకు ముందు, బరువు చేయు ఉపకారమును కూడ తెలిసికొనవలెను. చిన్న పుట్టి నుండి గట్టుపైకి దూకినచో పుట్టి వెనుకకు జారిపోవును. పెద్ద పడవ నుండి దూకినచో అది కదలినట్లే తోచదు. గుండు ముందుకు దూకునపుడు తుపాకి వెనుకకు త్రోయబడుటయు ఇట్టిదే. ఒకే తూటాను పేల్చు తుపాకి బరువును సగము చేసినచో భుజమును తాకు శక్తి రెట్టింపగును. మన కళాశాలలలో ఒకప్పుడు ఎన్.సి.సి. శిక్షణ పొంది .303 రైఫిలును పేల్చినవారికి మడమ తాకిడి ఎట్టిదో నేటికిని గుర్తుండును. ఆ రైఫిలు నాలుగు కిలోలున్నది గనుకనే ఆ తాకిడి ఆ మాత్రముతో ఆగినది. రెండవ ఉపకారము వేడిని గూర్చినది. వరుసగా పేల్చినపుడు గొట్టము కాగును. దళసరి గొట్టము మెల్లగా కాగును. పలుచని గొట్టము త్వరగా కాగి గురి తప్పును.

ఇక సమతూకము. రోకలిని నడుమ పట్టిన స్త్రీ అవలీలగా వడ్లు దంచును. అదే రోకలిని ఒక కొన పట్టుకొని అడ్డముగా చాచి నిలుపుమన్నచో బలశాలి చేయియు వణకును. రోకలి బరువు మారలేదు. చేతికిని బరువునకును నడుమ దూరము మారినది. తుపాకిలో కూడ మడమ దగ్గర నున్న పావు కిలో బరువు భుజమునకు తెలియదు. అదే పావు కిలో గొట్టము కొనయందున్నచో ఎడమ చేయి త్వరలోనే అలసిపోవును. మరియొక సంగతియు కలదు. కావడికి ఇరువైపుల నిండుకుండలు సమముగా వ్రేలాడుచున్నను, ఇరుకు సందులో కావడివాడు చప్పున మలుపు తిరుగలేడు. బరువు రెండు కొనలకు చేరిన తుపాకియు అట్లే, సమముగా నిలిచినను చురుకుగా తిరుగదు. బరువంతయు రెండు చేతుల నడుమకు చేరినచో చురుకుగా తిరుగును. అయితే ఆ మందగమనము కూడ కేవలము దోషము కాదు. కొనయందు కొంత బరువున్న తుపాకి గురి చూచునపుడు చేతివణకును అణచును. కావుననే లక్ష్యభేదన పోటీలలో పాల్గొనువారు బరువైన గొట్టమును కోరుదురు. అడవిలో నడచువారు దానిని కోరరు.

అర్ధ స్వయంచాలక రైఫిలును మొట్టమొదట తన పదాతిసైన్యమునకంతకును సాధారణాయుధముగా స్వీకరించిన దేశము అమెరికా. ఆ రైఫిలును నిర్మించిన జాన్ గరాండ్ 1888లో కెనడాలోని క్విబెక్ ప్రాంతమున జన్మించెను. 1919లో స్ప్రింగుఫీల్డు ఆయుధాగారమున చేరి పదునేడేండ్లు ఈ పనిపైననే కృషి చేసెను. ఆయన నడుమ ఒక దశలో .276 అంగుళముల చిన్న తూటాకు తగిన రైఫిలును సిద్ధపరచెను. తూటా చిన్నది గనుక మాగజీనులో పది పట్టుచుండెను. భుజముపై తాకిడియు తక్కువ. పరీక్షకులు దానిని మెచ్చుకొనిరి. కాని అది ఆర్థికమాంద్యపు కాలము. మొదటి ప్రపంచయుద్ధమునాటి .30 తూటాలు గిడ్డంగులలో అపారముగా నిలువయుండెను. 1932లో సైన్యాధిపతి డగ్లస్ మెకార్థరు క్రొత్త తూటాను త్రోసిపుచ్చి పాత తూటానే వాడవలెనని ఆజ్ఞాపించెను.

ఆ ఒక్క ఆజ్ఞతో అమెరికను సైనికుని రైఫిలు బరువు ఒక తరము వరకు నిర్ణయమైపోయెను. పెద్ద తూటాకు బలమైన బోల్టు, పొడవైన పెట్టె, దళసరి గొట్టము కావలెను. 1936లో స్వీకరింపబడిన ఎం-1 రైఫిలు సుమారు 4.3 కిలోలు తూగెను. పది తూటాలకు బదులు ఎనిమిదియే పట్టెను. అయినను అది గట్టి పనిముట్టు. బురదలోను మంచులోను పనిచేసెను. 50 లక్షలకు పైగా తయారయ్యెను. ప్రత్యర్థుల పదాతిదళములలో అధికులు బోల్టును చేతితో లాగుకొనుచుండగా అమెరికను సైనికుడు వరుసగా ఎనిమిది గుండ్లు పేల్చగలిగెను. కావున బరువును గూర్చి సణిగినవారు కలరు గాని దానిని విడువగోరినవారు అరుదు.

యుద్ధకాలముననే బరువు తగ్గించుటకు రెండు మార్గములు పరీక్షింపబడినవి. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ చరిత్రలోని మర్మము తేటపడును.

మొదటి మార్గము అమెరికా వారిది. ఫిరంగి దళమువారికి, వార్తాహరులకు, వాహనములు నడపువారికి పెద్ద రైఫిలు అడ్డమని గుర్తించి, వారికొరకు 1941లో ఎం-1 కార్బైను అను చిన్న తుపాకిని స్వీకరించిరి. దాని బరువు సుమారు 2.4 కిలోలే. ఇంత తేలికదనము ఎట్లు సాధ్యమయ్యెను? తూటానే మార్చిరి. పెద్ద రైఫిలు తూటా సుమారు 26 గ్రాములుండగా దీని తూటా అందులో సగము. తూటా చిన్నదగుటతో దాని వెనుక నున్న ప్రతి భాగమును చిన్నదయ్యెను. 60 లక్షలకు పైగా తయారైన ఈ తుపాకి చేతికి ముద్దుగా నుండెను. కాని దూరమున దాని గుండు బలము చాలదను ఫిర్యాదు కొరియా యుద్ధమున బలముగా వినవచ్చెను. బరువు తగ్గినది; దానికి వెల దూరము.

రెండవ మార్గము బ్రిటిషువారిది. బర్మా వంటి అడవులలో పోరుటకు .303 రైఫిలును తేలిక చేయవలసివచ్చెను. తూటాను మార్చుటకు వ్యవధి లేదు. కావున ఉన్న రైఫిలునే చెక్కిరి. గొట్టమును ఆరంగుళములకు పైగా కత్తిరించిరి. ముందరి కొయ్యను కుదించిరి. ఉక్కుపెట్టె గోడలలో అక్కరలేదనుకొన్న లోహమును తొలిచిరి. చివరకు బోల్టు పిడిలోని గుండును కూడ గుల్ల చేసిరి. 1944 నుండి తయారైన ఈ ఐదవ నంబరు రైఫిలు ‘జంగిల్ కార్బైను’ అని ప్రసిద్ధికెక్కెను. అది అర్ధ స్వయంచాలకము కాకపోయినను, తూటాను మార్చక బరువును మాత్రమే తగ్గించినచో ఏమగునో అంత స్పష్టముగా చూపినది మరియొకటి లేదు. 4.1 కిలోల బరువు 3.2 కిలోలకు దిగెను. అడవిలో నడచు సైనికుడు సంతోషించెను. పేల్చు సైనికుడు సంతోషింపలేదు. ఒకే తూటా, తేలికైన తుపాకి. కనుక భుజముపై తాకిడి నాలుగవ వంతుకు పైగా హెచ్చెను. దానిని ఓర్చుటకు మడమకు రబ్బరు దిండు కుట్టిరి గాని అది ఇరుకైనదగుటచే నొప్పిని ఒక్కచోటనే చేర్చెను. పొట్టి గొట్టము కొనయందు మంట ప్రజ్వరిల్లి రాత్రివేళ కన్నులకు మిరుమిట్లు గొలుపుచుండగా గరాటు వంటి తొడుగు నమర్చిరి. గురి నిలుకడగా లేదను మాటయు వచ్చెను. 1947లో దాని నిర్మాణమును నిలిపివేసిరి.

ఈ రెండు కథల సారము ఒక్కటియే. తుపాకిలో తీసివేసిన బరువు ఊరక మాయము కాదు. భుజముపై తాకిడిగానో, గొట్టపు వేడిగానో, తగ్గిన దూరముగానో ఎవ్వరో ఒకరు దానిని మోయుచునే యుందురు.

యుద్ధానంతరము ఈ పాఠమును విస్మరించినట్లే తోచును. అమెరికను ఆయుధశాఖ 7 పౌనుల రైఫిలును, అనగా సుమారు 3.2 కిలోల దానిని, కోరెను. అయినను గుండు బలము పాత .30 తూటాకు తగ్గరాదనెను. మెరుగైన మందు దొరికినందున తూటా తొడుగును 63 మిల్లీమీటర్ల నుండి 51కి కుదించిరి. బలము మాత్రము అట్లే నిలిచెను. బ్రిటిషువారు ఇందుకు భిన్నముగా చిన్నదైన .280 తూటాను, దానికి తగిన ఇ.ఎం.-2 అను రైఫిలును రూపొందించిరి. అందులో యంత్రభాగమంతయు మీటకు వెనుక, మడమలోనే ఇమిడియుండెను. కనుక గొట్టమును కుదింపకయే తుపాకి పొట్టిదయ్యెను. బరువు కొనను విడిచి దేహమునకు దగ్గరగా చేరెను. సమతూకమును గూర్చిన ఆలోచనలో ఇది గొప్ప ముందడుగు. 1951లో అట్లీ ప్రభుత్వము దానిని స్వీకరించినట్లు ప్రకటించెను గాని, మిత్రరాజ్యములన్నిటికి ఒకే తూటా ఉండవలెనను వాదముతో చర్చిలు ప్రభుత్వము ఆ నిర్ణయమును రద్దు చేసెను. నాటో కూటమికి అమెరికా వారి 7.62 మిల్లీమీటర్ల తూటాయే నిలిచెను.

ఫలితము 1957లో వెల్లడియయ్యెను. అమెరికా స్వీకరించిన ఎం-14 రైఫిలు 7 పౌనులు కాదు. నాలుగు కిలోలకు సమీపము. అంతేగాక వరుసగా పేలునట్లు దానికి పెట్టిన సదుపాయము నిరుపయోగమయ్యెను. ఆ తూటాకు ఆ బరువు చాలనందున గొట్టము ఆకాశమునకు లేచుచుండెను. సైన్యమునకిచ్చిన రైఫిళ్లలో అధికభాగమునకు ఆ మీటను బిగించి అర్ధ స్వయంచాలకముగానే వాడించిరి.

అదే తూటాకు బెల్జియము దేశమున హెర్‌స్టాల్ కర్మాగారపు శిల్పి డ్యూడొనే సేవ్ నిర్మించిన రైఫిలు లోకమంతట వ్యాపించెను. ఆయన దానిని మొదట చిన్న తూటాకే ఉద్దేశించెను; తూటా పెద్దదగుటతో తుపాకియు పెద్దదయ్యెను. బ్రిటనులో ‘సెల్ఫ్ లోడింగ్ రైఫిల్’ అను పేరుతో స్వీకరింపబడిన ఈ రకమే మన దేశమున ‘ఎస్.ఎల్.ఆర్.’ అని సుపరిచితము.

ఇది మన సైన్యములోనికి వచ్చిన సందర్భము బాధాకరమైనది. 1962 శరత్కాలమున హిమాలయములలో చైనాతో యుద్ధము సంభవించినపుడు మన జవానుల చేతులలో నున్నవి .303 రైఫిళ్లు. ఎదుటివారిలో పలువురు అర్ధ స్వయంచాలక ఆయుధములు ధరించియుండిరి. సే లా కనుమ 13,000 అడుగులకు పైన నున్నది. అచ్చట గాలి పలుచన. ఉన్నిబట్ట లేని వ్రేళ్లు కొయ్యబారును. అట్టి వ్రేళ్లతో ప్రతి గుండుకు బోల్టును లాగి నెట్టవలెను. లాగినపుడెల్ల గురి చెదరును. పరాజయమునకు కారణములు పెక్కు కలవు; రైఫిలు వానిలో ఒకటి మాత్రమే. కాని ఆ యుద్ధానంతరము బెంగాలులోని ఈషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీలో 7.62 ఎస్.ఎల్.ఆర్. నిర్మాణము ఆరంభమై, సుమారు మూడు దశాబ్దముల పాటు అదియే మన పదాతిదళపు రైఫిలుగా నిలిచెను.

విచిత్రమేమనగా, ఈ క్రొత్త రైఫిలు పాతదానికన్న బరువైనది. ఉత్తదే 4 కిలోలను మించి, 114 సెంటీమీటర్ల పొడవుండెను. అయినను జవానులు దానిని ప్రేమించిరి. కన్ను గురిని విడువకయే రెండవ గుండు పేలును, గుండు దూరము పోవును, మొరాయింపు తక్కువ. ప్రాణములు కాపాడు బరువును మనిషి సణుగక మోయుననుటకు ఇది తార్కాణము. తేలికదనము ఒక గుణమే గాని గుణములన్నిటిలో మొదటిది కాదు.

ఇంతలో ఈ చిక్కును వేరొక వైపు నుండి విప్పజూచిన వ్యక్తి ఒకడు బయలుదేరెను. యూజీన్ స్టోనర్ ఆయుధాగారమున పెరిగినవాడు కాదు. విమాన పరికరముల కర్మాగారములలో పనిచేసినవాడు. 1954లో ఫెయిర్‌చైల్డ్ విమాన సంస్థ ఆర్మలైట్ అను చిన్న శాఖను నెలకొల్పగా ఆయన అందు ప్రధాన శిల్పి అయ్యెను. విమానము కట్టువానికి ప్రతి గ్రామును లెక్కయే. ఉక్కు ఎచ్చట నిజముగా అవసరమని ఆయన ప్రశ్నించుకొనెను. బోల్టు ముందుకు వచ్చి నేరుగా గొట్టపు మొదటనే బిగిసికొనునట్లు చేసినచో పేలుడు బలమంతయు ఆ రెండింటి నడుమనే ఆగిపోవును. చుట్టునున్న పెట్టె ఉక్కుతో చేయనక్కరలేదు, అల్యూమినియము చాలును. వాయువును సన్నని గొట్టము ద్వారా నేరుగా బోల్టు వాహకములోనికే పంపినచో గొట్టము వెంట బరువైన కడ్డీ అక్కరలేదు. కొయ్యకు మారు గాజునారతో బలపరచిన ప్లాస్టిక్ సరిపోవును.

ఇవి బరువు తగ్గించు ఉపాయములు. కాని స్టోనర్ నిజమైన ప్రతిభ తాకిడిని సర్దుటలో కనబడును. పాత రైఫిళ్లలో మడమ గొట్టపు రేఖకు క్రిందుగా వంగియుండును. అందుచే వెనుకకు వచ్చు త్రోపు భుజమునకు పైగా పోయి గొట్టమును పైకి లేపును. స్టోనర్ మడమను గొట్టముతో ఒకే రేఖయందు నిలిపెను. త్రోపు నేరుగా భుజములోనికి వచ్చును గనుక గొట్టము లేచుట తగ్గెను. కన్ను ఆ రేఖకు పైనుండును గనుక గురిచూచు భాగమును ఎత్తవలసివచ్చెను. ఎత్తిన ఆ భాగమునే సమతూకము నిలుచు చోటికి దగ్గరగా పట్టుపిడిగా మలచెను. ఇట్లు ఏ.ఆర్.-10 అను రైఫిలు ఎం-14 పేల్చు తూటానే పేల్చుచు సుమారు 3.3 కిలోలకు దిగెను. ఆయుధశాఖ ఏండ్ల తరబడి కోరి పొందలేకపోయిన బరువు ఇంచుమించు ఇదియే.

అయితే ఇచ్చటనే హద్దు మీరుట జరిగెను. ఇంకను తేలిక చేయవలెనను ఉత్సాహముతో సంస్థాధిపతి, స్టోనర్ వలదనినను వినక, సన్నని ఉక్కు గొట్టమునకు అల్యూమినియము తొడిగించి పరీక్షకు పంపెను. 1957లో స్ప్రింగుఫీల్డు పరీక్షలలో ఆ గొట్టము పగిలి గుండు ప్రక్కనుండి బయటకు వెడలెను. వెంటనే సంపూర్ణమైన ఉక్కు గొట్టము నమర్చిరి గాని పోయిన పేరు మరల రాలేదు, ఎం-14 గెలిచెను. పెట్టె విషయమున అల్యూమినియము న్యాయము, ఎందుకన అచ్చట బలము పడదు. గొట్టము విషయమున అన్యాయము, ఎందుకన బలమంతయు అచ్చటనే పడును. ఏ భాగము ఏ పని చేయుచున్నదో తెలిసి తీసిన బరువు లాభము. తెలియక తీసిన బరువు అపాయము.

అదే సంవత్సరము అమెరికను సేనాని విల్లార్డ్ వైమన్ ప్రోత్సాహముతో ఆర్మలైట్ సంస్థ చిన్న తూటాకు తగిన రైఫిలును ప్రారంభించెను. ఇదియే ఏ.ఆర్.-15, తరువాతి పేరు ఎం-16. దాని 5.56 మిల్లీమీటర్ల తూటా సుమారు 12 గ్రాములు, 7.62 తూటా సుమారు 24. అనగా నూరు తూటాలకు 1.2 కిలోల ఆదా. రైఫిలు ఉత్తది మూడు కిలోలకు లోపు. 1932లో త్రోసివేయబడిన చిన్న తూటా పాతికేండ్లకు వేరు రూపమున తిరిగి వచ్చినదనవచ్చును. 1962లో దక్షిణ వియత్నాము సైనికుల చేతులకు ఈ రైఫిళ్లు వేయి ఇచ్చి పరీక్షింపగా, చిన్న దేహములు గల ఆ సైనికులకు ఇవి చక్కగా అమరినవని నివేదికలు వచ్చెను.

తరువాతి కథ విషాదకరము. 1965 మొదలు అమెరికను సైన్యము ఈ రైఫిలుతో వియత్నాము అడవులలో ప్రవేశించెను. ఈ నడుమ తూటాలోని మందును వేరొక రకమునకు మార్చిరి. దానిచే యంత్రవేగము హెచ్చి, మసి పెరిగెను. తూటా నిలుచు అరకు క్రోమియము పూత వేయలేదు. ఆ తేమకు అది త్రుప్పు పట్టెను. ఈ రైఫిలును తుడువనక్కరలేదను అపోహ వ్యాపించి, శుభ్రపరచు సామగ్రి చాలినంత పంపలేదు. ఫలితముగా పేలిన తూటా గొట్టములోనే ఇరుక్కొనిపోవుచుండెను. మొరాయించిన రైఫిలును విప్పుకొనుచు శత్రువుల చేతిలో మరణించిన సైనికులు కలరు. వారి తలిదండ్రులకు చేరిన ఉత్తరములు శాసనసభ్యుల వద్దకు వెళ్లెను. 1967లో ఇచ్చర్డ్ అధ్యక్షతన ప్రతినిధి సభ ఉపసంఘము విచారణ జరిపి, లోపములను సరిదిద్దని అధికారుల ప్రవర్తన నేరప్రాయమైన నిర్లక్ష్యమునకు సమీపమని నిందించెను. పిమ్మట అరకు క్రోమియము పూత వచ్చెను, సామగ్రి వచ్చెను, శిక్షణ వచ్చెను, రైఫిలు నిలదొక్కుకొనెను.

ఇందు దోషము తేలికదనముది కాదు. తేలికైన యంత్రము సన్నని లెక్కపై నిలుచును. బరువైన యంత్రము కొంత అశ్రద్ధను సహించును. తేలికైనది అంతగా సహింపదు. ఆ రైఫిలు తేలికదనమును మెచ్చుకొన్న అధికారులు, అది కోరు శ్రద్ధ అను వెలను చెల్లింపలేదు. ఆ వెలను చెల్లించినవారు యువసైనికులు.

కాలక్రమమున బరువు మరల చేరసాగెను. 1980 దశకమున వచ్చిన ఎం-16 ఎ2లో గొట్టము వంగుచున్నదను భయముతో దానిని దళసరి చేసిరి. కాని ముందరి భాగమును మాత్రమే. వేడి అధికముగా పుట్టు వెనుకభాగము, చేతిపట్టు క్రింద, పాత సన్నదనముననే యుండెను. బరువు పెరిగినది, వేడికి ఉపకారము స్వల్పము, పెరిగిన బరువంతయు ఎడమ చేతికి దూరముగా కొనయందు చేరినది. కిలోల లెక్క మాత్రమే చూచి, బరువు ఎచ్చట నున్నదను లెక్క చూడనిచో ఏమగునో దీనివలన తెలియును.

మన దేశపు అనుభవమును ఇట్టిదే. 1990 దశకమున ఎస్.ఎల్.ఆర్.కు బదులుగా వచ్చిన 5.56 ఇన్‌సాస్ రైఫిలు తూటాల బరువును తగ్గించెను గాని రైఫిలు మాత్రము నాలుగు కిలోల చెంతనే నిలిచెను. లోపలి తూటాలు కనబడుటకును తేలికకును దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ మాగజీను పెట్టిరి. 1999లో కార్గిలు శిఖరముల చలిలో అట్టి మాగజీనులు పగిలినవను ఫిర్యాదులు వచ్చెను. 2019లో మన సైన్యము 72,400 రైఫిళ్లను అమెరికా సంస్థ నుండి కొనినపుడు మరల 7.62 మిల్లీమీటర్ల పెద్ద తూటానే ఎన్నుకొనెను. ఉత్తరప్రదేశములోని కోర్వాలో ఆరు లక్షలకు పైగా నిర్మించుటకు 2021లో ఒప్పందము జరిగిన ఏ.కె.-203 రైఫిలు బరువు సుమారు 3.8 కిలోలు.

అమెరికాలో సైతము చక్రము తిరిగి వచ్చినది. గుండ్లనాపు కవచములను దూరమునుండియే భేదింపవలెనని 2022లో ఆ సైన్యము 6.8 మిల్లీమీటర్ల శక్తిమంతమైన తూటాను, దానికి తగిన క్రొత్త రైఫిలును ఎన్నుకొనెను. దాని బరువు సుమారు 3.8 కిలోలు, ధ్వనిని అణచు తొడుగుతో కలిపి సుమారు 4.5 కిలోలు. ఆ తొడుగు ఉండునది గొట్టము కొనయందే. ముప్పది తూటాల మాగజీనుకు మారు ఇరువది తూటాలది వచ్చెను. 86 సంవత్సరముల శ్రమ తరువాత సైనికుని చేతిలోని బరువు గరాండు రైఫిలు బరువునకే చేరుకొనెను.

దీనిని చూచి శిల్పుల కృషి వ్యర్థమనరాదు. గరాండు నాటి బరువులో ఎనిమిది తూటాలుండగా నేటి బరువులో ఇరువది కలవు, తాకిడి నేరుగా భుజములోనికి వచ్చును, గురి సులభము. ఆదా అయిన ప్రతి గ్రామును క్రొత్త కోరిక ఒకటి వచ్చి ఆక్రమించినది, అంతియే. ఇది తుపాకికి మాత్రమే చెందిన న్యాయము కాదు. కాని ఇతర వస్తువులలో లెక్క తప్పినచో ధనము నష్టమగును. ఇందులో లెక్క తప్పినచో ఒక తల్లి కుమారుని కోల్పోవును. కావున ఏ దేశపు సైన్యమైనను తేలికైన రైఫిలు సిద్ధమైనదని ప్రకటించినపుడు, ఎంత తగ్గినదని అడుగుటతో ఆగరాదు. ఎచ్చట తగ్గినది, తగ్గిన ఆ బరువును ఇక ఎవరు మోయవలెను అని కూడ అడుగవలెను. సేవ్, గరాండ్, స్టోనర్ వంటి శిల్పులు తమ బల్లల ముందు కూర్చుండి ఏండ్ల తరబడి వేసికొన్న ప్రశ్న అదియే. ఆ ప్రశ్నను మరచినపుడెల్ల దానికి సమాధానము యుద్ధరంగమున సైనికుడే చెప్పుకొనవలసివచ్చినది.